వనభోజనాల నిధి వేటకి పొడుపు కథలు చాలు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఎంవీపీ కాలనీ. మా అపార్ట్‌మెంట్‌వాళ్ళం ఏటా కార్తిక మాసంలో వనభోజనాలకి వెళ్తాం. పిల్లల ఆటలు చూసుకునే పని నాకు అప్పజెప్పారు. పోయిన ఏడాది ట్రెజర్ హంట్ పెట్టాను. ఇంగ్లీషులో పన్నెండు చీటీలు రాసి పొదల్లో, రాళ్ళ కింద, బెంచీల వెనక దాచాను. ఏడో తరగతి పిల్లలిద్దరు పావుగంటలో అన్నీ లాగేశారు. చిన్నవాళ్ళు ఏం జరుగుతోందో తెలియక వాళ్ళ వెనకే పరిగెత్తి, ఆఖరికి ఏడుపు మొదలెట్టారు. రెండు చీటీలు గాలికి ఎటో పోయాయి. మా మామగారైతే "పిల్లల చేత పొదల్లో చేతులు పెట్టిస్తావా, పాములుంటాయని తెలీదా" అని అందరి ముందూ కోప్పడ్డారు. ఈసారి ముడసర్లోవ పార్కు అనుకుంటున్నాం. కంబాలకొండ అయితే అసలైన అడవి, పిల్లలకి ఇంకా బాగుంటుందని కొందరు అంటున్నారు. ఆస్ట్రేలియాలో ఉన్న మా మరిది "ఫోన్‌లో జీపీఎస్‌తో ఆడే జియోకాషింగ్ పెట్టు వదినా" అంటున్నాడు. పిల్లలు పద్నాలుగు మంది, అయిదేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా. సగం మందికి తెలుగు చదవడం రాదు. ఎలా చెయ్యమంటారు? అసలు చెయ్యమంటారా, మానెయ్యమంటారా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మానెయ్యకండి. పోయిన ఏడాది ఆట చెడింది పిల్లల వల్ల కాదు, మీరు శ్రద్ధ పెట్టక కాదు. ఆట కట్టిన తీరులో ఒక చిక్కుంది. అది విప్పితే మీరు అడిగినవన్నీ దాంతోపాటే విడిపోతాయి. మీరు చీటీలు దాచారు. ఈసారి ఏమీ దాచకండి.

ముందు మీ మామగారి సంగతి. అందరి ముందూ అలా అనడం మీకు బాధగానే ఉండి ఉంటుంది. కానీ ఆయన అన్న మాటలో తప్పులేదు. కార్తికం అంటే వానలు పడి గడ్డి ఏపుగా పెరిగి ఉన్న రోజులు. గడ్డిలో కప్పలు, కప్పల కోసం పాములు. రాళ్ళ కింద తేళ్ళు, జెర్రులు. "దాచిపెట్టాం, వెతకండి" అన్నామంటే పిల్లలు కళ్ళకంటే ముందు చేతులు పెడతారు. నేను స్కూల్లో సైన్సు చెప్పిన రోజుల్లో మొదటిసారి ఇలాంటి ఆట పెట్టినప్పుడు సరిగ్గా మీరు చేసినట్టే చేశాను. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని క్లూలు రాసుకున్నాను. ఒకదాంట్లో "పెద్ద చెట్టు దగ్గర చూడు" అని రాశాను. అక్కడికి వెళ్ళి చూస్తే అన్నీ పెద్ద చెట్లే. ఆరో తరగతి అమ్మాయి ఒకతి నేను అనుకోని చెట్టు దగ్గరికి వెళ్ళి తొర్రలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. "మేడమ్, ఏదో కదులుతోంది" అంది. చెయ్యి బయటికి తీయించి టార్చి వేసి చూస్తే లోపల తేలు. పిల్లకి ఏమీ కాలేదు కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు పూర్తిగా నాది. ఆ తర్వాత నేను పెట్టిన ఆటల్లో ఎక్కడా ఏ వస్తువూ దాచలేదు.

మరి దాచకపోతే వేట ఎలా అవుతుంది అంటారు. పార్కులో ఉన్నవన్నీ ఇప్పటికే దాక్కుని ఉన్నాయి తల్లీ. రోజూ వాటి పక్కనుంచే వెళ్తాం, చూడం. వాటిని చూసేలా చేసే మాట ఒకటి కావాలి. ఆ మాట కట్టడం మనవాళ్ళకి తరతరాలుగా తెలుసు. "చిటారు కొమ్మన మిఠాయి పొట్లం" అని మీ అమ్మమ్మో నాయనమ్మో అడిగే ఉంటుంది. తేనెపట్టు అని చెప్పేదాకా మీకు మనసు ఊరుకోలేదు కదా. మన పొడుపు కథే క్లూ. కాగితం అక్కర్లేదు, గాలికి ఎగిరిపోదు. తెలుగు చదవడం రాని పిల్లలకి కూడా చెవులు ఉన్నాయి, విని విప్పుతారు. చదివేది కాదు కాబట్టి, గబగబా చదివేసే పెద్ద పిల్లలకి చిన్నవాళ్ళ మీద పైచెయ్యి ఉండదు.

అందుకే ఈసారి క్లూలు చెప్పే పని మీ మామగారికి ఇవ్వండి. మాట వరసకి కాదు, ఆటలో అసలు పని అదే. ఆయన నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పిల్లల జట్టు వచ్చి నిలబడితే పొడుపు కథ రెండుసార్లు చెబుతారు. అర్థం కాని మాట అడిగితే విడమరుస్తారు. ఒకసారి మా ఆటలో ఒక బాబు "గరాటు అంటే ఏంటి తాతా?" అని అడిగాడు. ఆ పెద్దాయన ఏమీ చెప్పకుండా వాడి అరచేతిని పట్టుకుని, వేళ్ళు దగ్గరికి మడిచి, కింద చిన్న సందు వదిలి, మంచినీళ్ళ సీసాలోంచి కాసిని నీళ్ళు పోశారు. నీళ్ళు సన్నటి ధారగా కిందికి జారాయి. "ఇదీ గరాటు" అన్నారు. వాడు ఆ మాట మళ్ళీ మర్చిపోతాడని నేను అనుకోను.

క్లూలు మాత్రం ఇంట్లో కూర్చుని కట్టకండి. వనభోజనాలకి వారం ముందు ఒక ఉదయం పార్కుకి వెళ్ళండి, అదీ ఆట పెట్టబోయే వేళకే. ఏ చోట నీడ ఉంటుందో, ఎక్కడ నీళ్ళు నిలిచాయో అప్పుడే తెలుస్తుంది. అయిదు చోట్లు ఎంచుకోండి, ఎక్కువ వద్దు. దారిమీద నిలబడితేనే కనపడేవి, ఒక చోటు నుంచి ఇంకో చోటికి చిన్నపిల్లలు రెండు మూడు నిమిషాల్లో నడవగలిగేవి అయితే చాలు. ఒక్కోదాని దగ్గర అయిదు నిమిషాలు కదలకుండా నిలబడండి. మొదటి నిమిషంలో కనపడనిది నాలుగో నిమిషంలో కనపడుతుంది. మీ పొడుపు కథకి కావలసిన మాట అక్కడే దొరుకుతుంది.

మన ఊళ్ళో దాదాపు ఏ పార్కులోనైనా దొరికేవి కొన్ని చెబుతాను. వీటిని ఇలాగే వాడుకున్నా సరే, మీ మామగారు ఇంకా బాగా కట్టగలిగితే మరీ మంచిది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వాన తగలని చోట, అంటే చూరు కిందో, సిమెంటు బెంచీ కిందో, దట్టమైన చెట్టు మొదట్లోనో మెత్తటి పొడి దుమ్ములో ఉండే చిన్న చిన్న గుంటలు. రూపాయి బిళ్ళంత వెడల్పు, అచ్చం గరాటులా ఉంటాయి. అడుగున దుమ్ములో కూరుకుపోయి ఒక పురుగు కాచుకుని కూర్చుంటుంది. చీమ అంచు మీద కాలు పెడితే దుమ్ము జారుతుంది, చీమా జారుతుంది. ఎక్కబోతే లోపలి పురుగు తలతో దుమ్ము ఎగజిమ్మి మళ్ళీ పడేస్తుంది. అదే పురుగు పెద్దదయ్యాక రెక్కలొచ్చి తూనీగలా ఎగిరిపోతుంది. దీనికి నేను కట్టిన పొడుపు కథ: "దుమ్ములో గరాటు పెట్టాను, మూత పెట్టలేదు. వేటకి వెళ్ళను, నడిచొచ్చినవాడే నా భోజనం. నా ఇల్లెక్కడ?" చోటు కనుక్కున్నాక పిల్లలు సన్నటి గడ్డిపరకతో అంచు మీద రెండు రేణువులు జార్చి చూడాలి. లోపల్నుంచి దుమ్ము ఎగిరిందంటే ఇంటాయన ఉన్నట్టే. అలా ఎగరేసింది చూసి, అపార్ట్‌మెంట్ అంతటికీ అల్లరివాడని పేరున్న పిల్లాడు కూడా పది నిమిషాలు నేలకి ముఖం ఆనించి పడుకోవడం నేను చూశాను. మీ ఊహకి అందని పిల్లాడే ఇక్కడ ఆగిపోతాడు. వానపడి దుమ్ము తడిస్తే మాత్రం ఈ గుంటలు చెరిగిపోతాయి, ముందురోజు ఒకసారి చూసుకోండి.

రెండోది బాదం చెట్టు. జీడిపప్పు పక్కన అమ్మే బాదం కాదు, మన వీధుల్లో, బీచ్ రోడ్డులో ఉండే పెద్దాకుల బాదం. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా చాపుకుని ఉంటాయి. రాలేముందు ఆకు ఎర్రబడుతుంది. తరచూ చెట్టు కింద ఒక్క ఎర్రాకైనా కనిపిస్తుంది. "గొడుగు మీద గొడుగు, ఆ గొడుగు మీద గొడుగు. కాయ పండకముందే ఆకు పండుతుంది." ఇక్కడ అడగవలసిన ప్రశ్న: ఎన్ని గొడుగులు? తల పైకెత్తి లెక్కపెడితే తప్ప జవాబు రాదు. అయిదేళ్ళ పిల్ల కూడా లెక్కపెట్టగలదు.

రావిచెట్టు ఉంటే వదులుకోకండి. పక్క చెట్ల ఆకులన్నీ నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా రావాకు కదులుతూనే ఉంటుంది. తొడిమ పొడుగ్గా, సన్నగా ఉండి ఆకు వేలాడుతుంది కాబట్టి చిన్న గాలికే ఊగుతుంది. ఆకు చివర తోక నుంచి వాననీళ్ళు చుక్కలుగా జారిపోతాయి. "గాలి లేదు, గలగల ఆగదు. ఆకుకి తోక, పిట్టకి విందు." అత్తిపత్తి సంగతి మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు దాన్ని ముట్టుకోవడం మానరు. అయితే ముట్టుకున్నాక మళ్ళీ ఎప్పుడు విచ్చుకుంటుందో వేచి చూసిన పిల్లలు తక్కువ. ఆకుల మొదట్లో ఉబ్బెత్తుగా ఉన్నచోట నీరు పక్కకి తప్పుకోవడం వల్ల అది ముడుచుకుంటుంది, కొన్ని నిమిషాలకి నీరు మళ్ళీ చేరి తెరుచుకుంటుంది. "తగిలితే తల దించుకుంటా, వెళ్ళిపోతే తలెత్తుతా" అని చెప్పి, అది తలెత్తేదాకా నిలబడమనండి. పరుగే ఆట అనుకునే పిల్లలకి కాసేపు ఆగడం ఆటలో భాగం చెయ్యాలంటే ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు.

అయిదోది రాయి. చాలామంది దీన్ని వదిలేస్తారు. మన విశాఖ చుట్టూ ఉన్న కొండలు ఖోండలైట్ అనే రాయివి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. ఇటిక రంగులో, తుప్పు పట్టినట్టు ఉంటుంది. పార్కుల్లో ప్రహరీలకి, మెట్లకి, గట్లకి చాలాచోట్ల ఇదే వాడతారు. దగ్గరికి వెళ్ళి చూస్తే దాంట్లో ముదురెరుపు గింజలు మెరుస్తాయి. అవి గార్నెట్లు. దానిమ్మ గింజలా ఉంటుందనే దానికి ఆ పేరు వచ్చింది. మనవాళ్ళు ఉంగరాల్లో పెట్టుకునే గోమేధికం కూడా గార్నెట్ జాతిదే. "కొండ కడుపులో దానిమ్మ గింజలు. కొరికితే పళ్ళు ఊడతాయి." భూతద్దం ఒకటి తీసుకెళ్ళి ఆ రాయి దగ్గర ఉండే పెద్దవాళ్ళ చేతికి ఇవ్వండి. బీచ్‌లో అక్కడక్కడా ఇసుక ఎర్రగా చారలు కట్టి ఉండటం పిల్లలు చూసే ఉంటారు. ఈ కొండలు అరిగి కొట్టుకొచ్చిన గింజలే అవి. రాయి చూసిన రోజు సాయంత్రమో, మర్నాడో ఆ ఇసుక చూపిస్తే పిల్లలకి కలిగే ఆశ్చర్యం వేరు.

ముడసర్లోవకే ప్రత్యేకమైనది ఇంకొకటుంది. అక్కడి రిజర్వాయరు నీళ్ళ మీద 2018లో 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలేలా పెట్టారు. మీరు కూర్చునే చోటు నుంచి అవి కనిపిస్తే పెద్ద పిల్లలకి అదనంగా ఒక క్లూ: "నీళ్ళ మీద పడుకుంటాను, నీళ్ళు తాగను. ఎండ తాగి దీపం వెలిగిస్తాను." కనపడకపోతే వదిలెయ్యండి, దానికోసం పిల్లల్ని నీళ్ళ అంచుకి పంపొద్దు.

ఇక పెద్ద పిల్లలు ముందు పరిగెత్తి అన్నీ లాగేసే సమస్య. దానికి ఒక ఏర్పాటు చెబుతాను, నాకు ప్రతిసారీ పనిచేసింది. పద్నాలుగు మందిని మూడు జట్లు చెయ్యండి, రెండిట్లో అయిదుగురు, ఒకదాంట్లో నలుగురు. ప్రతి జట్టులో ఒక పెద్ద, ఒకరిద్దరు బాగా చిన్నవాళ్ళు ఉండాలి. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని వేర్వేరు జట్లలో వేస్తే పేచీలు తగ్గుతాయి. అయిదు చోట్ల అయిదుగురు పెద్దవాళ్ళు పెన్ను పట్టుకుని కూర్చోవాలి. జట్టు ఆ చోటు కనుక్కుని, అడిగిన జవాబు చెబితే, వాళ్ళలో ఒకరి అరచేతిలో ఒక అక్షరం రాస్తారు. ఒక చేతికి ఒక్క అక్షరమే. ఏ చోట ఎవరి చేతిలో రాయాలో జట్టు ఇష్టం. అయిదు చోట్లూ తిరిగేసరికి అయిదుగురి చేతుల్లో అయిదు అక్షరాలు ఉంటాయి. నలుగురున్న జట్టులో ఒకరికి రెండు చేతులా రాయొచ్చు. ఆఖర్న అందరూ చేతులు చాపి పక్కపక్కన పెడితేనే మాట వస్తుంది. ఒక్కరు వెనకబడ్డా ఒక అక్షరం తక్కువ. మొన్న వదిలేసి పరిగెత్తిన పిల్లలే ఈసారి చిన్నదాన్ని చంకనెత్తుకుని తెస్తారు చూడండి.

మూడు జట్లూ ఒకే వరసలో తిరగకుండా, ఒకరు రావిచెట్టుతో మొదలుపెడితే ఇంకొకరు రాయితో మొదలుపెట్టాలి. లేకపోతే వెనకవాళ్ళు ముందువాళ్ళ వెంట పడతారు, క్లూతో పని ఉండదు. ఒక్కో చోటు అయ్యాక తాతగారి దగ్గరికి తిరిగొచ్చి తర్వాతి పొడుపు కథ వినాలి. ఇలా తిరిగి రావడం వల్ల జట్లు మీ కళ్ళ ముందునుంచే వెళ్తుంటాయి, ఎవరెక్కడున్నారో అన్న టెన్షన్ ఉండదు.

ఆ అయిదు అక్షరాలు ఏమిటో ఊహించే ఉంటారు. ఉ, సి, రి, కా, య. కార్తిక వనభోజనాలకి ఉసిరిచెట్టు కింద తప్ప ఎక్కడ వడ్డిస్తాం? అక్షరాలు కలిపి మాట చెప్పిన జట్టుకి మీ మామగారు ఆఖరి పొడుపు కథ చెబుతారు: "నమిలితే ముఖం చిట్లిస్తావు, మంచినీళ్ళు తాగితే నవ్వుతావు. నా నీడలో నీ నిధి." ఉసిరికాయ కొరికాక నీళ్ళు తాగితే తియ్యగా అనిపిస్తుంది కదా, ఆ సంగతి తెలియని పిల్లలు ఈ రోజుల్లో చాలామందే ఉన్నారు. తెలియని జట్టుకి తలా ఒక కాయ, గ్లాసుడు నీళ్ళు ఇవ్వండి, జవాబు నాలుకే చెబుతుంది. చింతాకులాంటి సన్నటి ఆకులున్న చెట్టు ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్తే, అక్కడ బూరెలు, పులిహోర, గారెలు సిద్ధంగా ఉంటాయి. మొదట వచ్చిన జట్టుకి వేరే బహుమతి వద్దు. పెద్దవాళ్ళకి బూరెలు వడ్డించే పని వాళ్ళకి ఇవ్వండి. నా అనుభవంలో పిల్లలు దానికి చాక్లెట్ కంటే ఎక్కువ పోటీపడతారు. చాక్లెట్లు చెట్ల కింద పెడితే ఎలాగూ పిల్లలకంటే ముందు చీమలకి దొరుకుతాయి.

మీ మరిదిగారు చెప్పిన ఆట సంగతి. అది మంచి ఆటే, దాని కథ కూడా బాగుంటుంది. జీపీఎస్ సంకేతాల్లో మామూలు జనానికి కావాలని పెట్టిన తేడాని అమెరికా ప్రభుత్వం 2000 మే మొదట్లో తీసేసింది. అంతవరకు వంద మీటర్ల దాకా తప్పు చూపించే పరికరాలు ఒక్కసారిగా చాలా దగ్గరికి చూపించడం మొదలెట్టాయి. అది పరీక్షించడానికి ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన మే 3న అడవి అంచున ఒక బకెట్‌లో పుస్తకాలు, ఒక చిక్కుడుగింజల డబ్బా లాంటివి పెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. కొద్దిరోజుల్లోనే ముక్కూమొహం తెలియనివాళ్ళు వెతుక్కుంటూ వచ్చి కనిపెట్టారు. అలా పుట్టింది జియోకాషింగ్.

అయితే మీ పార్కులో, మీ పిల్లలకి అది నేను వద్దంటాను. ఫోన్ జీపీఎస్ మైదానంలో ఒక అయిదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. దట్టమైన చెట్ల కింద, పక్కనే కొండ ఉన్నచోట తేడా ఇంకా పెరుగుతుంది. ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె ఒకటి మారితే నేలమీద 11 మీటర్లు మారినట్టు. అంటే ఫోన్ మిమ్మల్ని ఒక పొద దాకా తీసుకెళ్తుంది, ఆ తర్వాత పిల్లలు పొదలోనే వెతకాలి. మళ్ళీ మొదటికే వచ్చాం. పైగా పిల్లల కళ్ళన్నీ స్క్రీన్ మీదే ఉంటాయి, రావిచెట్టు పక్కనుంచే వెళ్ళినా చూడరు. ఇంకో మాట, మనది నేవీ ఉన్న ఊరు. పార్కులో మూతపెట్టిన డబ్బా ఎక్కడైనా వదిలి వెళ్తే అనుమానించడం సెక్యూరిటీవాళ్ళ బాధ్యత. ఏడో తరగతి పిల్లలిద్దరికీ ఫోన్ పని ఇవ్వాలనిపిస్తే ఇలా చెయ్యండి. ముందు వారం మీరు చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళని కూడా తీసుకెళ్ళి, అయిదు చోట్ల అంకెలూ రాసుకోమని, వాటితో కాగితం మీద పార్కు మ్యాప్ గీయమనండి. ఒకే చోట రెండు ఫోన్లు రెండు రకాల అంకెలు ఎందుకు చూపించాయో వాళ్ళే అడుగుతారు. ఆ రోజు మాత్రం జవాబులు తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళు ఆడకూడదు. రెండు చోట్ల పెన్ను పట్టుకుని అక్షరాలు రాసే పెద్దమనుషులుగా కూర్చోబెట్టండి. అప్పుడు జట్లు మూడూ నలుగురేసి అవుతాయి, అది ఇంకా వీలుగా ఉంటుంది.

కంబాలకొండకి పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి, కానీ ఇంకో రోజు, వేరే పనిగా. అది పార్కు కాదు, సుమారు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, చిరుతలు తిరిగే అడవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ మంట పెట్టడం, ఏదైనా కోసుకురావడం నేరం. పొయ్యి వెలిగించి వండుకునే వనభోజనాలకి అది చోటు కాదు. పద్నాలుగు మంది పిల్లలు జట్లుగా విడిపోయి పరిగెత్తడానికి అసలే కాదు. అటవీ శాఖవాళ్ళు చెప్పిన దారిలో, గైడు వెంట నడుస్తూ చప్పుడు చెయ్యకుండా చూసుకుంటూ రావాలి. అయిదు పొడుపు కథలు విప్పిన పిల్లలకి అది తర్వాతి తరగతి.

జాగ్రత్తలు కొన్ని చెప్పకుండా ముగించలేను. అన్నిటికంటే ముఖ్యమైనది తేనెపట్టు. పొయ్యి పెట్టే ముందు తలెత్తి పైకొమ్మలు చూడండి. పెద్ద తేనెటీగల పట్టు ఉన్న చెట్టు కింద పొగ పెడితే అవి రేగిపోయి మనుషుల మీద పడతాయి. మిఠాయి పొట్లం పొడుపు కథ తాతగారు సరదాకి చెప్పొచ్చు, ఆటలో చోటుగా మాత్రం పెట్టొద్దు. పుట్టలకి కూడా అంతే దూరం. పిల్లలకి ఒకే ఒక్క నియమం చెప్పండి, పది చెబితే ఒక్కటీ గుర్తుండదు: కంటికి కనపడని చోట చెయ్యి పెట్టకూడదు. బూట్లు అందరికీ ఉండాలి. గింజలు, కాయలు ఏరుకురమ్మనే ఆటలు వద్దు. పార్కుల్లో అందానికి పెంచే గన్నేరు, పచ్చగన్నేరు విషం. ఎర్రగా నల్లచుక్కతో ముద్దొచ్చే గురివింద గింజ కూడా విషమే. దూలగొండి కాయ ఎరుగుదురు కదా, తగిలితే రోజంతా దురద. ఎంత జాగ్రత్తపడ్డా పాము కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏవీ చెయ్యకుండా, పిల్లని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

కార్తికం మన తీరానికి తుఫాన్ల కాలం కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. మీ జట్లలో చాలామంది అప్పటికి పుట్టలేదు. ఆ ఒక్కరోజులో ఊళ్ళో చెట్లు ఎలా కూలాయో, మర్నాడు కొండలు ఎలా బోడిగా కనపడ్డాయో మీ మామగారికి బాగా గుర్తుండే ఉంటుంది. పార్కులో మొదలు లావుగా ఉండి పైకొమ్మలు విరిగి మళ్ళీ చిగిర్చిన చెట్టు ఏదైనా కనిపిస్తే, భోజనాలయ్యాక పిల్లల్ని దాని కింద కూర్చోబెట్టి ఆ కథ చెప్పమనండి. అడిగితే తప్ప ఇలాంటివి పెద్దవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మీ ఇద్దరి మధ్య పోయినేటి మాట ఇంకా మనసులో ఉంటే, "మామయ్యగారూ, మీరు అన్నది నిజమే, ఈసారి మీరే దగ్గరుండి చెయ్యాలి" అని మీరే ముందు అడగండి. ఆయనకి తెలిసిన పొడుపు కథలు నేను చెప్పినవాటికంటే చాలా ఎక్కువే ఉంటాయి.

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి రండి. ఒక నోటు పుస్తకం, పెన్ను చాలు. గేటు దగ్గర ఎంతమంది వస్తారో, పొయ్యి పెట్టనిస్తారో లేదో అడిగి తెలుసుకోండి. ఉసిరిచెట్టు ఎక్కడుందో ముందు చూడండి. అక్కడ లేకపోతే కొమ్మ తెచ్చి కుండలో నాటే ఏర్పాటు చెయ్యమని కమిటీవాళ్ళకి ఆరోజే చెప్పండి, ఆఖరి నిమిషంలో దొరకదు.